ప్రతి పీకుకూ లెక్క చెప్పాలి: ఎన్ఎంఆర్ వర్ణపటం ఎలా పుడుతుంది, దాన్ని ఎలా చదవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంజోయిక్ ఆమ్లాన్నీ ఇథనాల్‌నూ ఆమ్ల ఉత్ప్రేరకంతో మరిగించి ఇథైల్ బెంజోయేట్ తయారుచేసిన ఒక విద్యార్థి, దాన్ని డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న క్లోరోఫారంలో కరిగించి 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో ప్రోటాన్ ఎన్ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్, అంటే కేంద్రక అయస్కాంత అనునాదం) తీయించారు. 1.40, 4.38, 7.44, 7.55, 8.05 పీపీఎంల దగ్గర పీకులు వచ్చాయి. వాటితోపాటు 1.56 దగ్గర, 7.26 దగ్గర ఒంటి గీతలు, 3.72 దగ్గర ఒక చిన్న గుంపు ఉన్నాయి. "పుస్తకంలో స్పిన్, శక్తిస్థాయిలు, అనునాదం అని చదివాను. చేతికి వచ్చిన కాగితం మీద గీతలున్నాయి. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతుంది? ఈ గీతల్లో నా పదార్థానివి ఏవి?" అని అడిగారు.

ముందు చెప్పిన ఐదు పీకులూ మీ ఎస్టర్‌వే, అంటే ఇథైల్ బెంజోయేట్‌వే. మిగిలిన మూడూ ఎక్కడివో కూడా చెప్పవచ్చు. అయితే ఆ తీర్పును నా నోట వినడం వల్ల మీకు ఒరిగేది తక్కువ. కేంద్రకం దగ్గర మొదలుపెట్టి కాగితం దాకా వస్తే ఆ ఎనిమిదింటినీ మీరే వేరుచేయగలరు. ఇరవై ఏళ్లకు పైగా ఈ యంత్రాలతో పనిచేశాక నాలో స్థిరపడిన నమ్మకం ఒకటే: మనకు కావలసిన పీకులు కనిపించినంత మాత్రాన నిర్మాణం రుజువైనట్టు కాదు. వర్ణపటంలో ఉన్న ప్రతి పీకుకూ లెక్క చెప్పగలిగినప్పుడే అది రుజువవుతుంది.

హైడ్రోజన్ కేంద్రకం అంటే ఒకే ఒక ప్రోటాన్. దానికి విద్యుదావేశంతోపాటు స్పిన్ అనే సహజ గుణం ఉంది. ఆ గుణం వల్ల అది అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బయట క్షేత్రమేదీ లేనప్పుడు దానికి ఏ దిక్కైనా ఒకటే. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టగానే రెండు శక్తిస్థాయిలు ఏర్పడతాయి. క్షేత్రానికి అనుకూలంగా ఉన్నవి కింది స్థాయిలో, వ్యతిరేకంగా ఉన్నవి పై స్థాయిలో ఉంటాయి. కార్బన్-12, ఆక్సిజన్-16 కేంద్రకాల స్పిన్ సున్నా కాబట్టి అవి ఈ పద్ధతికి అసలు కనిపించవు. కార్బన్-13, ఫ్లోరిన్-19, ఫాస్ఫరస్-31 మాత్రం ప్రోటాన్ లాగే స్పిన్ విలువ సగం ఉన్నవి. వాటిని చూడవచ్చు.

ఆ రెండు స్థాయిల మధ్య తేడా క్షేత్రం బలంతోపాటు పెరుగుతుంది. ప్రోటాన్‌కు టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ చొప్పున లెక్క. మీరు వాడిన యంత్రంలో ఉన్నది 9.4 టెస్లాల అయస్కాంతం. ఈ రెండింటినీ గుణిస్తే 400 వస్తుంది, యంత్రానికి ఆ పేరు అలా వచ్చింది. భూమి అయస్కాంత క్షేత్రంతో పోలిస్తే ఇది దాదాపు రెండు లక్షల రెట్లు. నియోబియం-టైటానియం తీగచుట్టను 4.2 కెల్విన్‌ల ద్రవ హీలియంలో ముంచి ఉంచితే తీగలో నిరోధం మాయమవుతుంది. ఒకసారి ఎక్కించిన కరెంటు ఏళ్ల తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఈ అయస్కాంతాన్ని రాత్రికి ఆపి పొద్దున్నే వేయడం అంటూ ఉండదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఆ గదిలో నేల మీద గీసిన హద్దు దాటకూడదన్న నియమం యంత్రం వాడకంలో లేని వేళ కూడా వర్తిస్తుంది.

ఇక్కడ ఒక అంకెను మనసులో నాటుకోండి. 400 మెగాహెర్ట్జ్ అంటే రేడియో తరంగాల శక్తి, చాలా స్వల్పం. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల్లో ఉండే వేడికి ఆ తేడా లెక్కలోకే రాదు. అందువల్ల రెండు స్థాయిల్లోనూ ప్రోటాన్లు దాదాపు సమానంగా నిండి ఉంటాయి. ఇరవై లక్షల ప్రోటాన్లను తీసుకుంటే కింది స్థాయిలో ఉన్నవి పై స్థాయి కంటే సుమారు 64 మాత్రమే ఎక్కువ. మనకు అందే సంకేతమంతా ఆ 64 మిగులు నుంచే రావాలి. ఎన్ఎంఆర్‌కు మిల్లీగ్రాముల్లో పదార్థం ఎందుకు కావాలి, అంత పెద్ద అయస్కాంతం ఎందుకు, ఒకే కొలతను పదేపదే ఎందుకు తీస్తారు అనే మూడు ప్రశ్నలకూ సమాధానం ఈ అంకెలోనే ఉంది. కొలతలను కూడుతూ పోతే సంకేతం వాటి సంఖ్య ప్రకారం పెరుగుతుంది, రొద దాని వర్గమూలం ప్రకారమే పెరుగుతుంది. 16 సార్లు తీస్తే స్పష్టత నాలుగు రెట్లవుతుంది.

ఇప్పుడు గాజుగొట్టం అయస్కాంతంలోకి దిగింది అనుకుందాం. ఆ మిగులు ప్రోటాన్ల అయస్కాంతత్వాలన్నీ కలిసి క్షేత్రం దిశలో ఒక చిన్న బాణంలా నిలిచి ఉంటాయి. సుమారు పది మైక్రోసెకన్ల పాటు రేడియో తరంగం ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకు బాణం అడ్డంగా పడిపోతుంది. పడి ఊరుకోదు. వాలిన బొంగరం తల గుండ్రంగా తిరిగినట్టు క్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, సెకనుకు నలభై కోట్ల సార్లు. తిరిగే అయస్కాంతం పక్కన తీగచుట్ట ఉంటే అందులో విద్యుత్తు పుడుతుంది కదా. కొన్ని సెకన్లలో సన్నగిల్లిపోయే ఆ బలహీనమైన అలే యంత్రం నమోదు చేసే అసలు సమాచారం. వేర్వేరు ప్రోటాన్లు రవ్వంత తేడా ఉన్న వేగాలతో తిరుగుతాయి కాబట్టి వాటి అలలన్నీ కలగలిసి ఉంటాయి. ఫూరియర్ పరివర్తన అనే గణితం ఆ కలగాపులగం నుంచి ఒక్కో పౌనఃపున్యాన్నీ విడదీసి, ఎక్కడ ఎంత ఉందో గీతలుగా చూపిస్తుంది. మీ చేతికి వచ్చిన కాగితం అదే. ఈ పద్ధతిని రిచర్డ్ ఎర్నెస్ట్, వెస్టన్ ఆండర్సన్ 1966లో ప్రచురించారు. అంతకుముందు ఒక కొస నుంచి మరో కొసకు కొద్దికొద్దిగా జరుగుతూ వర్ణపటాన్ని గీయవలసి వచ్చేది. ఎర్నెస్ట్‌కు 1991లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ప్రోటాన్లన్నీ ఒకేలాంటివి అయినప్పుడు వాటి వేగాల్లో తేడా ఎలా వచ్చింది? రసాయనశాస్త్రానికి ఈ పద్ధతి దక్కింది ఈ ప్రశ్న వల్లే. ఘన, ద్రవ పదార్థాల్లో ఈ అనునాదాన్ని మొదట స్పష్టంగా చూపిన ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు (1946లో ప్రచురణ, 1952లో భౌతికశాస్త్ర నోబెల్) భౌతికశాస్త్రవేత్తలవి. కేంద్రకాల అయస్కాంత ధర్మాలను కొలవడం వారి పని. 1950లో అమ్మోనియం నైట్రేట్‌లో నైట్రోజన్‌ను కొలిచినప్పుడు ఒక్కటి రావలసిన చోట రెండు గీతలు వచ్చాయి. ఒకే మూలకం, ఒకే క్షేత్రం, అయినా రెండు విలువలు. కేంద్రకాన్ని కచ్చితంగా కొలవాలనుకున్నవారికి అది చికాకు. రసాయనశాస్త్రవేత్తలకు మాత్రం అదే పెన్నిధి. మరుసటి ఏడాది ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకర్డ్ కలిసి ఇథనాల్‌కు మూడు గీతలు వస్తాయనీ, వాటి వైశాల్యాలు 3:2:1 నిష్పత్తిలో ఉంటాయనీ చూపించారు. మిథైల్‌కు (CH3) మూడు, మిథిలీన్‌కు (CH2) రెండు, హైడ్రాక్సిల్‌కు (OH) ఒకటి. ఒక అణువు తన అమరికను తానే చెప్పుకున్నట్టు కనిపించే ఆ మూడు గీతల బొమ్మను విద్యార్థులకు చూపించిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తేడాకు కారణం ఎలక్ట్రాన్లు. కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ మేఘం బయటి క్షేత్రంలో కదిలి దానికి ఎదురుగా తన సొంత చిన్న క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అందువల్ల లోపలి కేంద్రకానికి చేరే క్షేత్రం కాస్త తగ్గుతుంది. మేఘం దట్టంగా ఉంటే రక్షణ ఎక్కువ, పీకు కుడివైపు ఉంటుంది. పక్కన ఆక్సిజన్, క్లోరిన్ లాంటివి ఎలక్ట్రాన్లను లాగేస్తే రక్షణ పలచబడి పీకు ఎడమకు జరుగుతుంది. మిథైల్ క్లోరైడ్ 3.05 దగ్గర, డైక్లోరోమీథేన్ 5.30 దగ్గర, క్లోరోఫారం 7.26 దగ్గర రావడం చూడండి. ఒక్కో క్లోరిన్ చేరినకొద్దీ హైడ్రోజన్ మీది కప్పు తొలగిపోతూ వస్తుంది. టెట్రామిథైల్ సైలేన్ అనే ప్రమాణ పదార్థం పీకును సున్నాగా పెట్టుకుని, దాని నుంచి దూరాన్ని యంత్రం పౌనఃపున్యంతో భాగించి పదిలక్షల వంతుల్లో చెబుతాం. దీన్నే పీపీఎం అంటున్నాం. భాగించడం వల్ల ఏ యంత్రంలో తీసినా అంకె ఒకటే వస్తుంది.

మీ ఎస్టర్‌లో 4.38 దగ్గర ఉన్నది ఆక్సిజన్‌కు అంటుకున్న మిథిలీన్. ఇథనాల్‌లో కూడా మిథిలీన్ ఆక్సిజన్‌కే అంటుకుని ఉంది, కానీ అక్కడ 3.72. ఎస్టర్‌లో ఆ ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) వైపు కూడా పంచుకోవాలి, అందుకని మిథిలీన్ నుంచి మరింత గట్టిగా లాగుతుంది. ఆమ్లం ఎస్టర్‌గా మారిందనడానికి ఈ 0.66 పీపీఎంల జరుగుడు మంచి సాక్ష్యం.

బెంజీన్ వలయం మీది హైడ్రోజన్లు 7 దాటి వెళ్లడానికి కారణం వేరు. అక్కడ ఎలక్ట్రాన్లు వలయమంతా తిరుగుతాయి. ఆ ప్రవాహం పుట్టించే క్షేత్రం వలయం లోపల బయటి క్షేత్రాన్ని ఎదిరిస్తుంది, వలయం వెలుపల దానికి తోడవుతుంది. హైడ్రోజన్లు వెలుపలే ఉంటాయి కాబట్టి ఎడమకు జరుగుతాయి. ఇది ఊహ కాదనడానికి ఒక అందమైన నిదర్శనం ఉంది. పద్దెనిమిది కార్బన్ల పెద్ద వలయమైన [18]అనులీన్‌లో పన్నెండు హైడ్రోజన్లు వెలుపల, ఆరు లోపల ఉంటాయి. బాగా చల్లబరిచి చూస్తే వెలుపలివి 9.3 దగ్గర, లోపలివి సున్నాను కూడా దాటి మైనస్ 3 దగ్గర వస్తాయి. రెండూ ఒకే అణువులోని కార్బన్-హైడ్రోజన్ బంధాలే.

వైశాల్యం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పీకు కింది వైశాల్యం హైడ్రోజన్ల సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది. మీ ఎస్టర్‌కు 8.05, 7.55, 7.44, 4.38, 1.40 వరుసలో 2:1:2:2:3 రావాలి. ఎత్తును కాకుండా వైశాల్యాన్నే చూడండి.

పీకు చీలడం దగ్గర కొంచెం ఆగుదాం. మీ 4.38 పీకు నాలుగు గీతలుగా, 1.40 పీకు మూడు గీతలుగా ఉంటుంది. మిథిలీన్ హైడ్రోజన్ వైపు నుంచి ఆలోచించండి. దాని పొరుగున మూడు మిథైల్ హైడ్రోజన్లున్నాయి. ఒక్కొక్కటి అనుకూలంగానో వ్యతిరేకంగానో ఉంటుంది. మొత్తం ఎనిమిది అమరికలు: మూడూ అనుకూలం ఒక రకంగా, రెండు అనుకూలం ఒకటి వ్యతిరేకం మూడు రకాలుగా, ఒకటి అనుకూలం రెండు వ్యతిరేకం మూడు రకాలుగా, మూడూ వ్యతిరేకం ఒక రకంగా. పొరుగువారి అమరికను బట్టి మిథిలీన్‌కు అందే క్షేత్రం రవ్వంత మారుతుంది కాబట్టి 1:3:3:1 ఎత్తుల్లో నాలుగు గీతలు. ఆ నిష్పత్తి అంత నిక్కచ్చిగా రావడానికి కారణం ఇందాకటి అంకే. రెండు స్థాయిలూ దాదాపు సమానంగా నిండి ఉన్నాయి కాబట్టి ప్రతి అమరికకూ సమాన అవకాశం ఉంది. ఈ ప్రభావం ఒక కేంద్రకం నుంచి మరో కేంద్రకానికి నేరుగా గాలిలో వెళ్లదు. ద్రవంలో అణువు ఎటుపడితే అటు దొర్లుతూ ఉండటంతో ఆ నేరు ప్రభావం సగటున సున్నా అయిపోతుంది. బంధాల్లోని ఎలక్ట్రాన్ల మీదుగా చేరేదే మిగులుతుంది. అందుకే సాధారణంగా మూడు బంధాల దూరం దాటితే అది కనిపించనంత చిన్నదవుతుంది.

గీతల మధ్య దూరాన్ని హెర్ట్జ్‌లో కొలవండి. పీపీఎం తేడాను 400తో గుణిస్తే చాలు. 4.38 గుంపులో సుమారు 7.1 హెర్ట్జ్ వస్తుంది, 1.40 గుంపులోనూ అదే 7.1 రావాలి. ఒకరి మీద ఒకరు చూపే ప్రభావం సమానం కాబట్టి, ఆ రెండు అంకెలు కలిస్తే అవి పొరుగువారని తెలుస్తుంది. ఈ విలువ ఆకృతిని కూడా చెబుతుంది. ద్విబంధానికి ఒకే పక్క ఉన్న హైడ్రోజన్ల మధ్య ఇది సాధారణంగా 6 నుంచి 12 హెర్ట్జ్, ఎదురెదురు పక్కల ఉంటే 12 నుంచి 18. ఒకే ఫార్ములా ఉన్న రెండు ఐసోమర్లను ఇంత తేలికగా విడదీసే కొలత మరొకటి దొరకడం కష్టం.

నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒక ఆరోమాటిక్ (బెంజీన్ వలయం ఉన్న) ఆమ్లాన్ని ఇథైల్ ఎస్టర్‌గా మార్చి, సిలికా కాలమ్ (సిలికా పొడి నింపిన గొట్టం) మీద శుద్ధి చేసి వర్ణపటం తీశాను. 1.26 దగ్గర ట్రిప్లెట్ (మూడు గీతల గుంపు), 4.12 దగ్గర క్వార్టెట్ (నాలుగు గీతల గుంపు), 7 నుంచి 8 మధ్య వలయం హైడ్రోజన్లు. ఇథైల్ వచ్చేసిందని పట్టలేని సంతోషంతో మా పర్యవేక్షకురాలికి చూపించాను. ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు: "2.05 దగ్గర ఉన్న ఈ ఒంటి గీత ఎవరిది?" అది నేను చూడని గీత కాదు, పట్టించుకోని గీత. 1.26, 2.05, 4.12 ఈ మూడూ కలిస్తే ఇథైల్ అసిటేట్. కాలమ్‌లో వాడిన ద్రావణి అది. ఆరోమాటిక్ ఎస్టర్‌లో ఆ మిథిలీన్ 4.3 దాటి ఉండాలన్న సంగతీ, వలయం పీకులతో వైశాల్యాలు పొసగలేదన్న సంగతీ కాగితం మీదే ఉన్నాయి. రాత్రంతా శూన్యంలో ఉంచి మళ్లీ తీస్తే ఇథైల్ పీకులు మాయమయ్యాయి, మారని ఆమ్లం మిగిలింది. మూడు వారాల పని అది. స్థానం, వైశాల్యం, చీలిక అనే మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాలని నేను పట్టుబట్టడం ఆ రోజు నుంచే.

ప్రోటాన్ వర్ణపటంతో తేలనప్పుడు కార్బన్-13 ఉంది. ప్రకృతిలోని కార్బన్‌లో అది 1.1 శాతమే, పైగా దాని సంకేతం బలహీనం. రెండూ కలిపి చూస్తే ప్రోటాన్ కంటే సుమారు 5,700 రెట్లు తక్కువ. అందుకని ఎక్కువ పదార్థం, ఎక్కువ సమయం పడతాయి. మీ ఎస్టర్‌లో తొమ్మిది కార్బన్లున్నా ఏడు గీతలే వస్తాయి, వలయం రెండు పక్కలూ ఒకేలా ఉండటం వల్ల. కార్బొనైల్ 166 దాటి కనిపిస్తుంది. ఒక హెచ్చరిక: మామూలుగా తీసిన కార్బన్ వర్ణపటంలో పీకుల పరిమాణాన్ని బట్టి కార్బన్లను లెక్కపెట్టకండి. హైడ్రోజన్ లేని కార్బన్లు రేడియో దెబ్బ తర్వాత తేరుకోవడానికి చాలా సమయం తీసుకుంటాయి, అవి ఎప్పుడూ పొట్టిగానే కనిపిస్తాయి.

పెద్ద అణువులకు రెండు దిశల వర్ణపటాలు కావాలి. వాటిలో కోసీ అనేది ఏ హైడ్రోజన్‌కు ఏది పొరుగో చూపిస్తుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక పీకు పట్టుకుంటే గొలుసంతా వెంట వస్తుంది. హెచ్‌ఎస్‌క్యూసీ ఏ హైడ్రోజన్ ఏ కార్బన్ మీద ఉందో, హెచ్‌ఎంబీసీ రెండు మూడు బంధాల అవతల ఏ కార్బన్ ఉందో చెబుతాయి. మీ 4.38 హైడ్రోజన్లకూ 166 కార్బన్‌కూ మధ్య హెచ్‌ఎంబీసీలో చుక్క కనిపిస్తే, ఆ ఇథైల్ ఆ కార్బొనైల్‌కు ఆక్సిజన్ ద్వారా కట్టి ఉందన్నదానికి తిరుగులేదు. నా విషయంలో ఆ ఒక్క చుక్క లేకపోవడమే నన్ను మొదటి రోజే ఆపేది. నోసీ అనే మరొకటి బంధాలతో పని లేకుండా, సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దగ్గరగా ఉన్న హైడ్రోజన్లను పట్టిస్తుంది. కుర్ట్ వుత్రిచ్ ద్రావణంలోని ప్రోటీన్ల త్రిమితీయ ఆకృతులను తేల్చింది ఇలాంటి దూరాల ఆధారంగానే. ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది.

పదార్థం ఎంత శుద్ధమైనదో కొలవడానికి కూడా ఈ పద్ధతి గట్టిది. బరువు కచ్చితంగా తెలిసిన మలీక్ ఆమ్లం లాంటి ప్రమాణ పదార్థాన్ని అదే గొట్టంలో కలిపి, రెండింటి వైశాల్యాలను హైడ్రోజన్ల సంఖ్యతో భాగించి పోలిస్తే మోల్‌ల నిష్పత్తి వచ్చేస్తుంది. ఒక్క షరతు: రెండు దెబ్బల మధ్య, అన్నిటికంటే నెమ్మదిగా తేరుకునే హైడ్రోజన్ విశ్రాంతి కాలానికి (తేరుకోవడానికి పట్టే సమయాన్ని తెలిపే కొలత) కనీసం ఐదు రెట్లు ఆగాలి. 2008లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందులో కల్తీ బయటపడిన ఉదంతం చూడండి. కలిపినది అతిగా సల్ఫేట్ చేసిన కాండ్రాయిటిన్. అది హెపారిన్‌ను ఎంతగా పోలి ఉందంటే అప్పటి మామూలు పరీక్షలను దాటిపోయింది. ప్రోటాన్ వర్ణపటంలో హెపారిన్ ఎసిటైల్ పీకు 2.05 దగ్గర ఉంటే, దాని పక్కనే 2.15 దగ్గర మరొకటి నిలబడింది. ఒక్క పదో వంతు పీపీఎం తేడా. మనుషుల ప్రాణాలు తీసిన కల్తీ అది.

దీనికి అందనివీ ఉన్నాయి. కుడి ఎడమ చేతుల్లా ప్రతిబింబాలైన అణువులు మామూలు ద్రావణిలో ఒకే వర్ణపటం ఇస్తాయి. ఉప్పులు, సిలికా పొడి లాంటి హైడ్రోజన్ లేని మలినాలు ప్రోటాన్ వర్ణపటంలో కనబడవు, కాబట్టి శుభ్రంగా కనిపించే వర్ణపటం శుద్ధమైన పదార్థానికి పూచీ కాదు. ఇనుము, రాగి లాంటి లోహాల జాడ ఉంటే పీకులు వెడల్పై గుట్టల్లా మారతాయి. అణుభారం కోసం మాస్ స్పెక్ట్రమ్ తోడు తీసుకోవడం మంచిది.

ఇక మీ మూడు అనాథ పీకులు. డ్యుటీరియం స్పిన్ వేరు, దాని పౌనఃపున్యం 400 దగ్గర కాదు 61 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అందుకే ద్రావణిలో హైడ్రోజన్ బదులు దాన్ని పెడతారు. లేకపోతే ద్రావణి పీకు కింద మీ పదార్థం కప్పబడిపోయేది. క్షేత్రం జరగకుండా యంత్రం కాపు కాసేది కూడా ఆ డ్యుటీరియం సంకేతం మీదే. అయినా కొద్దిపాటి మామూలు క్లోరోఫారం మిగులుతుంది, 7.26 దానిది. 1.56 ద్రావణిలోని తేమ. ఇదే నీరు డీఎంఎస్ఓ అనే మరో ద్రావణిలో 3.33 దగ్గర కనిపిస్తుంది, కాబట్టి ద్రావణి మార్చినప్పుడు మీ పట్టికనూ మార్చుకోండి.

3.72 దగ్గరది ఇథనాల్ అని నా అంచనా. అది నిజమైతే నాలుగు గీతలుగా చీలి ఉండాలి, మీ 1.40 ట్రిప్లెట్‌కు కుడిపక్కన 1.25 దగ్గర మరో చిన్న ట్రిప్లెట్ ఉండాలి. ఆ చోటును పెద్దది చేసి చూడండి. 8.12 దగ్గర కూడా చూడండి, అక్కడ చిన్న డబ్లెట్ (రెండు గీతల గుంపు) ఉంటే మారని బెంజోయిక్ ఆమ్లం ఇంకా ఉన్నట్టు. అప్పుడు సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో మరోసారి కడగాలి. ఇథనాల్ ఎంత ఉందో కూడా తేలుతుంది: 4.38 వైశాల్యాన్ని 2.00గా పెట్టినప్పుడు 3.72ది 0.04 వచ్చిందనుకోండి, రెండూ మిథిలీన్‌లే కాబట్టి వంద మోల్‌ల ఎస్టర్‌కు రెండు మోల్‌ల ఇథనాల్. అణుభారాలు 150, 46 కాబట్టి బరువులో అది 0.6 శాతమే. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్‌కు, మీ ఎస్టర్ సుమారు 212 డిగ్రీలకు మరుగుతాయి. తక్కువ పీడనంలో కొద్దిసేపు ఉంచి, అదే ద్రావణిలో మళ్లీ ఒకసారి తీయించండి.